బిళ్ళ కట్టడం దగ్గర మొదలుపెడదాం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఈ బడిలో 1986లో పదో తరగతి పూర్తి చేశాను. విద్యుత్ శాఖలో ఇంజనీరుగా పనిచేస్తున్నాను. రెండేళ్ళ క్రితం మన సంఘం పెద్దలు “నెలకో శనివారం వచ్చి పిల్లలకు ఏదైనా చెప్పవయ్యా” అన్నారు. కరెంటు గురించి చెప్పడంతో మొదలైంది. కానీ పిల్లలు ఎక్కువగా అడిగింది జ్వరాల గురించి, టీకాల గురించి. జీవశాస్త్రం టీచరు గారు పక్కనుండి నా మాటలు సరిచూస్తామన్నారు. ఆ ధైర్యంతో తొమ్మిది, పది తరగతుల వాళ్ళకి రోగ నిరోధక వ్యవస్థ గురించి చెబుతున్నాను. ఎలా చెబుతున్నామో, ఎందుకు చెప్పాలో ఈ రోజు మీతో పంచుకుంటాను.

మొదటి పాఠంలో నల్లబల్ల మీద ఏ పేరూ రాయను. “కాలికి దెబ్బ తగిలి చీము పట్టినప్పుడు గజ్జల్లో బిళ్ళ కట్టినవాళ్ళు ఎంతమంది?” అని అడుగుతాను. సగం చేతులు లేస్తాయి. దెబ్బ పాదానికి, బిళ్ళ గజ్జల్లో. ఎందుకలా? ఈ ప్రశ్నతో పాఠం సగం అయిపోయినట్టే.

చర్మం మొదటి గోడ. అది తెగితే సూక్ష్మజీవులు లోపలికి వస్తాయి. ముందుగా చేరుకునేవి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు. వచ్చిన శత్రువు ఎవరో వాటికి పూర్తిగా తెలియదు. బయటివాడని గుర్తుపట్టి మింగుతాయి, అక్కడే చచ్చిపోతాయి. మనం చూసే చీములో చాలా భాగం అవే. ఈలోగా మరికొన్ని కణాలు ఆ సూక్ష్మజీవి ముక్కల్ని పట్టుకుని దగ్గర్లోని లింఫ్ గ్రంథికి వెళతాయి. పాదానికి దగ్గర్లో ఉండేవి మోకాలి వెనక, గజ్జల్లో. అక్కడ వేచి ఉన్న లింఫోసైట్లకు ఆ ముక్కల్ని చూపిస్తాయి. సరిపోయిన కణం దొరకగానే అది రెండు, నాలుగు, ఎనిమిదిగా పెరుగుతుంది. గ్రంథి ఉబ్బుతుంది. అదే మన అమ్మమ్మలు చెప్పిన బిళ్ళ.

“సరిపోయిన కణం” అంటే ఏమిటి? ఇది పిల్లలకు కష్టమైన చోటు. దీనికి రెండో శనివారం ఒక తాళంకప్ప, నలభై రకాల పాత తాళంచెవులు తీసుకెళ్ళాను. పిల్లలకు తలా ఒక చెవి ఇచ్చాను. తాళంకప్ప బెంచీ బెంచీకి తిరిగింది. దాన్ని తెరిచే చెవి చివరి వరసలో ఉంది. అక్కడికి చేరేసరికి ఆరు నిమిషాలు పట్టింది. తర్వాత ఆ చెవికి ముందే చేయించి ఉంచిన పది మారుచెవుల్ని వరసకు రెండు చొప్పున పంచి, మళ్ళీ తాళం తిప్పించాను. అర నిమిషంలో తెరుచుకుంది. ఇంకో తాళంకప్ప ఇచ్చాను. ఆ పది చెవులూ పనికిరాలేదు.

మన ఒంట్లో జరిగేది దాదాపు ఇదే. తాళం చూశాక శరీరం చెవిని తయారు చేయదు. రకరకాల చెవులున్న కణాలు ముందే కోట్ల కొద్దీ ఉంటాయి. తగిన చెవి ఉన్న కణం దొరికాక దాన్నే లెక్కలేనన్ని మార్లు అచ్చు తీస్తుంది, ఆకురాయితో రుద్దినట్టు ఇంకా నునుపు చేస్తుంది. బి కణాలు వదిలే ఆ చెవులే యాంటీబాడీలు. ఈ పనికి కొన్ని రోజులు పడుతుంది. పని అయిపోయాక కొన్ని కణాలు జ్ఞాపకంగా మిగిలిపోతాయి. అసలు దొంగ రాకముందే తాళం నమూనాను తరగతికి చూపించడమే టీకా.

1796లో ఎడ్వర్డ్ జెన్నర్ ఎనిమిదేళ్ళ పిల్లవాడికి ఆవు మశూచి రసి ఎక్కించినప్పుడు లింఫోసైట్ల సంగతి ఎవరికీ తెలియదు. అయినా జ్ఞాపకం పనిచేసింది. మన బడి మొదలైన 1975లోనే మన దేశంలో చివరి మశూచి కేసు నమోదైంది. 1980లో ప్రపంచమంతటా ఆ రోగం పోయిందని ప్రకటించారు. మా గురువుల భుజాల మీద ఆ టీకా మచ్చలు ఇప్పటికీ ఉంటాయి. పిల్లలూ, అడిగి చూడండి.

ఇక మూడో పాఠం. ప్రాణానికి సంబంధించినది ఇదే. “కుక్క కరిస్తే ఏం చేస్తారు?” అని అడిగాను. కారం అద్దుతామన్నారు, ఆకుపసరు పోస్తామన్నారు. ఒకడు లేచి, “ఇంట్లో చెప్పను సార్, కొడతారు” అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేనే లేదు. కానీ ఆ వైరస్ గాయం నుంచి నరాల దారిన మెదడుకు వెళ్ళడానికి చాలాసార్లు వారాలు, నెలలు పడుతుంది. ఆ వ్యవధే మనకున్న అవకాశం. అందుకే కరిచాక వేసినా టీకా పనిచేస్తుంది. 1885లో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ళ జోసెఫ్ మైస్టర్‌ను కాపాడింది ఈ అవకాశంతోనే. అయితే ఎంత వ్యవధి ఉందో ఎవరూ చెప్పలేరు కాబట్టి ఒక్కరోజు కూడా ఆగకూడదు.

ముందు సబ్బు పెట్టి, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగాలి. అప్పుడు లోపలికి వెళ్ళే వైరస్ తగ్గుతుంది. తర్వాత ఆసుపత్రికి. టీకాతో మన సొంత యాంటీబాడీలు తయారు కావడానికి వారం, పది రోజులు పడుతుంది. రక్తం వచ్చేలా కరిస్తే ఈలోగా కాపు కాయడానికి గాయంలోనే ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కిస్తారు. అది వేరేచోట తయారైన చెవుల గుత్తి. వెంటనే పనిచేస్తుంది, కానీ జ్ఞాపకం మిగల్చదు. అందుకే రెండూ కావాలి, టీకా డోసులన్నీ పూర్తి చేయాలి. మన చిన్నప్పుడు బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని భయపెట్టేవారు. ఇప్పుడు అవి లేవు, టీకా చేతికే వేస్తారు.

ఈ పాఠం చెప్పిన రెండు నెలలకు తొమ్మిదో తరగతి అబ్బాయి చెల్లెల్ని కుక్క కరిచింది. వాడు ఆ పిల్లను పంపు దగ్గర కూర్చోబెట్టి, గడియారం చూస్తూ కడిగాడట. తర్వాత వాళ్ళమ్మతో కలిసి ఆసుపత్రికి వెళ్ళి, “గాయంలో వేసే మందు కూడా కావాలా డాక్టరు గారూ?” అని అడిగాడట. ఆ పాప ఈ రోజు ఈ సభలోనే ఉంది. ఎందుకు కడగాలో తెలిసిన పిల్లవాడు కంగారులోనూ మరచిపోడు. ఒట్టినే బట్టీపట్టినవాడికి పరీక్ష దాకానే గుర్తుంటుంది.

ఇంకొక్క మాట. కరోనా రోజుల నుంచి “ఇమ్యూనిటీ పెంచుకోవాలి” అని పొడులు, కషాయాలు కొంటున్నాం. దీనికి నా ఉద్యోగంలోని ఉదాహరణ చెబుతాను. సబ్‌స్టేషన్‌లో రిలే అనే పరికరం ఉంటుంది. లైనులో లోపం వస్తే అది బ్రేకర్‌ను ట్రిప్ చేస్తుంది. ట్రిప్ చేయాల్సినప్పుడు చేయకపోతే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. అక్కర్లేనప్పుడు చేస్తే ఊరంతా చీకటి. అందుకే రిలేకి “బలం” పెంచమని ఎవరూ అడగరు, సరిగ్గా గుర్తుపట్టేలా అమర్చమంటారు. మన ఒళ్ళూ అంతే. దుమ్ముని శత్రువనుకుంటే అలర్జీ. సొంత కీళ్ళనే శత్రువులనుకుంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఆ కీళ్ళ జబ్బుకి ఈనాడు విరివిగా వాడే మెథోట్రెక్సేట్ వెనక మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పరిశోధన ఉంది. అది రోగనిరోధక వ్యవస్థ దూకుడు తగ్గించే మందు. ఆ దూకుడికి ఒంట్లోనే కళ్ళెం వేసే కణాల గురించి కనుగొన్నందుకే 2025లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచిలకు నోబెల్ బహుమతి ఇచ్చారు. పిల్లలకు ఇది చెబితే, రేపు పొడి డబ్బా మీది రాతను చూసి వాళ్ళే ప్రశ్నిస్తారు.

ఉపాధ్యాయులకు నా మనవి: సైనికులు, యుద్ధం అనే పోలిక మొదటిరోజుకి బాగుంటుంది. అక్కడే ఆగితే పిల్లలకు బలమే గుర్తుంటుంది. గుర్తుపట్టడం, జ్ఞాపకం, పట్టే సమయం, కళ్ళెం, ఈ నాలుగూ అందితే పేర్లు తర్వాత వాటంతటవే వస్తాయి.

పూర్వ విద్యార్థులకు మనవి: మన బడికి రంగులు వేయించాం, గేటు కట్టించాం. మంచిదే. ఇప్పుడు ప్రయోగశాలకు నాలుగు మంచి సూక్ష్మదర్శినులు కావాలి. రక్తపు చుక్కలో తెల్లకణాన్ని పిల్లలు తమ కళ్ళతో చూడాలి. మనలో డాక్టర్లు, నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు ఉన్నారు. ఏడాదికి ఒక్క శనివారం ఇవ్వండి. పేర్లు రాసుకునే పుస్తకం ఆఫీసు గది బల్ల మీద పెట్టాం. భోజనాలకు వెళ్ళేముందు అటు వెళ్ళి రండి.

సెలవు.