మోడల్ పడవకు ఏ ఫోమ్ పెట్టాలి?
(సూరత్, ఆల్థాన్‌లో చేసిన ప్రసంగ పాఠం)

నేవీలో అన్నేళ్లు చేసిన నేనే మా మనవడి పడవను మోటారుతో సహా చెరువులో ముంచాను. వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు లెండి.

తప్పు నాదే. థర్మోకోల్ ముక్కలు పెట్టి, మీద పాలియెస్టర్ రెజిన్ పూశాను. అందులోని స్టైరీన్ థర్మోకోల్‌ని కరిగించేస్తుంది. పైకి బాగానే ఉంది, లోపలంతా డొల్ల! ఎపాక్సీ అయితే ఫర్వాలేదు. స్పాంజి అసలు వద్దు, నీళ్లు తాగుతుంది. ప్యాకింగులో వచ్చే మెత్తటి తెల్ల పాలిథీన్ ఫోమ్ రెజిన్‌కి కరగదు. కాకపోతే దానికి జిగురు సరిగా పట్టదు, ఇరికించి పెట్టాలి.

లీటరు ఫోమ్ ఇంచుమించు కిలో బరువు మోస్తుంది. రెండు కిలోల పడవకి రెండున్నర లీటర్లు చాలు. అడుగున పెడితే మునిగినప్పుడు తిరగబడుతుంది. డెక్ కింద, రెండు పక్కలా పెట్టండి.

ఈసారి పడవ నిండా నీళ్లు పోసి, తొట్టిలో వదిలి, తేలిందని మనవడు ఒప్పుకున్నాకే మోటారు బిగించాను.