ఉప్పునీళ్ళ మీద ఒక రోజు



దొడ్డబళ్ళాపురం మనిషికి సముద్రపు చేపలతో పనేమిటని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మా ఊరి నుంచి తూర్పున చెన్నపట్నం వెళ్ళినా, పడమట మంగళూరు వెళ్ళినా దారి మూడు వందల కిలోమీటర్లకు తక్కువ లేదు. మాకు తెలిసిన నీళ్ళల్లా చెరువు నీళ్ళే. తెలిసిన చేపలల్లా బొచ్చె, శీలావతి, కొర్రమీను. అందులోనూ నేను పుట్టి పెరిగింది మగ్గాల చప్పుడు మధ్య. పోగు తెగితే ముడి వెయ్యడం వచ్చు గాని, గాలానికి ఎర గుచ్చడం అరవై ఏడేళ్ళ వయసు దాకా రాదు.

మీలో చాలామంది పిల్లలు ఇప్పుడు అమెరికాలో ఉన్నారు. ఆరు నెలలు ఉండివద్దామని మనం వెళతాం. కొడుకూ కోడలూ ఆఫీసుకు, మనవడు బడికి, మనం కిటికీ దగ్గరకు. ఇరుగుపొరుగు కనిపించరు, వీధిలో మనిషి తిరగడు. 2023 అక్టోబరులో ఫ్లోరిడా రాష్ట్రం టాంపాలో మా అబ్బాయి ఇంట్లో నా పరిస్థితీ అదే. నా ముఖం చూసి వాడికి జాలేసిందో ఏమో, ఒక శనివారం పొద్దున మమ్మల్ని చేపల వేటకు బయలుదేరదీశాడు. మీరు అక్కడికి వెళ్ళినప్పుడు ఇలాంటి అవకాశం వస్తే వదులుకోవద్దని చెప్పడానికే ఈ ప్రసంగం. ఇంకో సంగతి కూడా ఉంది, అది మధ్యలో వస్తుంది.

వేట అంటే నడి సముద్రంలోకి పోవడం అనుకునేరు. అలా పోయేవాళ్ళు వేరే ఉన్నారు. మేము వెళ్ళింది తీరాన్ని ఆనుకుని ఉన్న ఖాతంలోకి, మడ అడవుల అంచులకు, మోకాటి లోతు నీళ్ళలోకి. పడవ చిన్నది, అడుగు చదునుగా ఉంటుంది. జానెడు లోతు నీటిలో కూడా తేలుతుంది. దాన్ని నడిపే మనిషిని కెప్టెన్ అంటారు. అతనికి అక్కడి కోస్టుగార్డు ఇచ్చిన లైసెన్సు ఉండాలి. ఆ తరగతి లైసెన్సు మీద ఆరుగురికి మించి ప్రయాణికులను ఎక్కించుకోకూడదు. చేపలు పట్టడానికి మనకు వేరే అనుమతి అక్కర్లేదు, అతని లైసెన్సులోనే మనదీ కలిసివస్తుంది. గాలపు కర్రలు, ఎర, మంచుపెట్టె అన్నీ అతనివే. సగం రోజు అంటే నాలుగు గంటలు, పూర్తి రోజంటే ఎనిమిది. మా అబ్బాయి పూర్తి రోజుకు తొమ్మిది వందల డాలర్ల దాకా ఇచ్చాడు, పైన బహుమానం వేరే. మన లెక్కలో డెబ్భై వేలు దాటిందని తెలిసి నేను కాసేపు మాట్లాడలేదు. అయితే ఒక మాట: మొదటిసారి వెళ్ళేవారు డబ్బు చూసుకుని సగం రోజుకు ఒప్పుకోవద్దు. ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

పడవ ఎక్కకముందే ఒక చిక్కు వచ్చింది. మా ఇంటావిడ పులిహోర డబ్బాతో పాటు అరటిపళ్ళు కట్టి ఇచ్చింది. మనకు శుభకార్యానికి ముందు ఉండవలసిన పండు అదే కదా! ఆ కెప్టెన్ సంచిలోకి తొంగిచూసి, పులిహోరకు తల ఊపి, అరటిపళ్ళు మాత్రం కారులో పెట్టి రమ్మన్నాడు. పడవలో అరటిపండు ఉంటే చేప పడదట. అక్కడి పడవల వాళ్ళలో చాలామందికి ఈ నమ్మకం ఉంది. చంద్రుడి మీదికి మనిషిని పంపిన దేశం అని నేను నవ్వుకున్నాను గాని, పళ్ళు కారులో పెట్టి వచ్చాను.

తెల్లవారుతుండగా మొదటి పని ఎర పట్టడం. ఇక్కడే నాకు మొదటి ఆశ్చర్యం. కెప్టెన్ పడవ ముందు భాగంలో నిలబడి, వల అంచును పంటితో పట్టుకుని, ఒక్క తిప్పు తిప్పి విసిరాడు. అచ్చంగా మన విసురు వల! నీటి మీద గుండ్రంగా పరుచుకుని మునిగింది. పైకి లాగితే వెండిరేకుల్లాంటి చిన్న చేపలు, మన కవళ్ళ జాతివి. వాటిని పడవలోనే ఉన్న నీటి తొట్టిలో వేశాడు. ఖాతం నీరే మోటారుతో ఆ తొట్టిలోకి వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి అవి సాయంత్రం దాకా బతికే ఉంటాయి.

వల గురించి ఒక మాట చెప్పాలి. ఫ్లోరిడా ప్రజలు 1994 నవంబరులో ఓట్లు వేసి, తీరం దగ్గర పెద్ద వలలు వాడకూడదని ఏకంగా తమ రాష్ట్ర రాజ్యాంగంలోనే రాయించుకున్నారు. నూటికి డెబ్భై మందికి పైగా ఒప్పుకున్నారు. 1995 జులై నుంచి అమలు. అయిదు వందల చదరపు అడుగులకు మించిన వల తీరపు నీళ్ళలో పనికిరాదు. వల మీద బతికిన జాలరి కుటుంబాలు చాలా నష్టపోయాయి, కోర్టులకు వెళ్ళాయి. వాళ్ళ గోడు కూడా గోడే. సరదాకు గాలం వేసేవాళ్ళు గెలిచారు, బతుకుతెరువుకు వల వేసేవాళ్ళు ఓడారు అనే మాట అక్కడ ఇప్పటికీ వినిపిస్తుంది. చేనేత మీదికి మరమగ్గం వచ్చిన కాలాన్ని చూసిన ఊరి వాణ్ణి, నాకు ఆ మాట తేలికగా అనిపించలేదు.

ఎర దొరికాక మడ చెట్ల అంచుకు చేరాం. ఆ చెట్ల వేళ్ళు గొడుగు ఊచల్లా వంగి నీళ్ళలోకి దిగి ఉంటాయి. వేళ్ళ మధ్య చేప దాక్కుంటుంది. అయితే ఎప్పుడు? పోటు నీరు చెట్లలోకి ఎక్కినప్పుడు. పాటు మొదలై నీరు వెనక్కు తీస్తే, చేప కూడా చెట్లు వదిలి గుంటల్లోకి, ఆల్చిప్పల దిబ్బల పక్కకు జారుతుంది. నీరు కదలకుండా నిలిచిన సమయంలో చేప నోరు తెరవదు. ఆ తీరంలో ఆటుపోట్ల తేడా రెండు మూడడుగులే, అయినా రోజంతా నడిపించేది అదే. సగం రోజుకు వెళ్ళినవాడికి పోటు దొరికితే పాటు దొరకదు. పూర్తి రోజు ఉన్నవాడు నీరు ఎక్కడం, నిలవడం, దిగడం మూడూ చూస్తాడు. అందుకే సగం రోజు వద్దన్నాను.

దారం మీద నా కన్ను పడకుండా ఉంటుందా? అల్లిన దారం, పట్టు పోగంత సన్నం, దాని చివర నీటిలో కనపడని గాజులాంటి తీగ. ఆ రెంటినీ కలిపి కెప్టెన్ వేసిన ముడిని వేలితో తడిమి చూశాను. మా మగ్గాల దగ్గర పోగులు ముడివేసే పిల్లవాడి పనిలా ఉంది. ఎక్కడా ఎత్తు తగలలేదు. బాగుందన్నాను. మా మనవడు ఇంగ్లీషులో చెప్పాడు. తాత నేతపనివాడని తెలిశాక కెప్టెన్ నాతో మాట్లాడే పద్ధతే మారింది.

మొదట మనవడి గాలానికి స్నూక్ అనే చేప పడింది. ఒంటి మీద తల నుంచి తోక దాకా నల్లటి గీత ఒకటి. మూతి చూస్తే మన కోస్తా వాళ్ళ పండుగప్పకు దూరపు చుట్టంలా ఉంది. ఇరవై ఆరు అంగుళాలు. ఆ రోజు నిబంధన ప్రకారం ఇరవై ఎనిమిదికి తక్కువైనా, ముప్పై మూడుకు ఎక్కువైనా ఉంచుకోకూడదు. వదిలేశారు. పట్టుకునే ముందు చేతులు తడుపుకోవాలి. పొడి చేతితో ముట్టుకుంటే ఒంటి మీది జిగురు పోయి చేపకు జబ్బు చేస్తుందట.

పది గంటలు దాటాక నా వంతు. కర్ర ఒక్కసారిగా వంగింది. రీలు నుంచి దారం కుయ్యిమంటూ పోతోంది. "లాగవద్దు తాతా, పోనీ!" అని మనవడు అరుస్తున్నాడు. పది నిమిషాలు నా చేతులు నావి కావు. చివరికి పైకి వచ్చింది, రాగి చెంబు రంగులో, తోక దగ్గర నల్లటి బొట్టుతో. రెడ్‌ఫిష్ అంటారు. నా జన్మలో నేను పట్టిన మొదటి చేప.

కెప్టెన్ దాన్ని కొలబద్ద మీద పడుకోబెట్టి, నోరు మూసి, తోకను రెండు వేళ్ళతో నొక్కి చూశాడు. పద్దెనిమిది నుంచి ఇరవై ఏడు అంగుళాల దాకా ఉన్నదాన్నే ఉంచుకోవచ్చు. నాది ఇరవై ఏడున్నర.

అర అంగుళం! బట్టలో అర అంగుళం ఎటు పోయిందో ఎవరూ అడగరు. చుట్టూ చూశాను. కనుచూపు మేర ఇంకో పడవ లేదు. "ఎవరూ చూడటం లేదు కదా, ఉంచెయ్యమని చెప్పు" అని మనవడితో అన్నాను. వాడు పన్నెండేళ్ళవాడు. నా ముఖం వైపు చూశాడు, కెప్టెన్ వైపు చూశాడు, తల వంచుకుని చెప్పాడు.

కెప్టెన్ నవ్వలేదు, కోప్పడలేదు. చేపను కొలబద్ద మీద మరోసారి సరిగా పెట్టి, అంకె మీద వేలు పెట్టి చూపించాడు. తరువాత దాన్ని రెండు చేతులా నీళ్ళలో పట్టుకుని కాసేపు ముందుకూ వెనక్కూ ఆడించాడు. తోక ఒక్క దెబ్బ కొట్టి అది వెళ్ళిపోయింది.

చిన్నచేపను వదలడం నాకు అర్థమవుతుంది, పెద్దదాన్ని ఎందుకు వదలాలి అని తరువాత అడిగాను. పెద్దదే గుడ్లు పెట్టేది అన్నాడు. ఈ జాతి చేప మొదటి మూడు నాలుగేళ్ళు ఖాతంలో పెరిగి, ఆపైన బయటి సముద్రానికి పోయి, ముప్పై నలభై ఏళ్ళు బతుకుతుంది. 1980లలో లూసియానాకు చెందిన పాల్ ప్రుడామ్ అనే వంటవాడు దీన్ని మసాలా పట్టించి పెనం మీద నల్లగా కాల్చి వడ్డించాడు. దేశమంతటికీ ఆ రుచి పట్టుకుంది. కొద్ది ఏళ్ళలో చేప కరువయ్యే స్థితి వచ్చి ప్రభుత్వాలు అమ్మకాన్నే కట్టడి చేయవలసి వచ్చింది. ఈ కొలబద్ద ఆ తరువాతి కాలపు ఏర్పాటు.

మధ్యాహ్నం నీరు నిలిచింది. చేపలూ లేవు, గాలీ లేదు. పులిహోర విప్పాం. కెప్టెన్ కూడా తిని, చింతపండు పులుపుకు కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు చెప్పాడు ఆ ఖాతం కథ. 1970ల దాకా ఊళ్ళ మురుగంతా సరిగా శుద్ధి చేయకుండానే అందులోకి వదిలేవారు. నీళ్ళు పచ్చటి నాచుతో చిక్కబడి, ఎండ అడుగుకు దిగక, చేపపిల్లలు పెరిగే సముద్రపు గడ్డి సగం దాకా చచ్చిపోయింది. తరువాత చట్టాలు వచ్చాయి. 1979లో టాంపా నగరం మురుగును బాగా శుద్ధి చేసే కేంద్రం పెట్టింది. నీరు తేటపడటానికి ఏళ్ళు పట్టింది. 2015 ప్రాంతానికి గడ్డి 1950ల నాటి విస్తీర్ణాన్ని అందుకుంది. అంతటితో సుఖాంతం అనుకోవద్దు. ఆ తరువాత మళ్ళీ తగ్గసాగింది. 2021లో మూతపడిన ఎరువుల కర్మాగారం చెరువుకు చిల్లి పడితే, కట్ట తెగకుండా ఎనభై కోట్ల లీటర్ల మలిన జలాన్ని ఖాతంలోకి వదిలారు. ఆ వేసవిలో ఎర్రపోటు అనే విషపు నాచు వ్యాపించి, చచ్చిన చేపలను ఒడ్డున వందల టన్నుల లెక్కన ఎత్తిపోశారు. ఆ నీరు నాచుకు బలం ఇచ్చి ఉంటుందని శాస్త్రజ్ఞులు అన్నారు.

వింటూ నేను మన అర్కావతి గురించి ఆలోచిస్తున్నాను. నంది కొండల్లో పుట్టి, మన తాలూకా చెరువులను ఒకదాని తరువాత ఒకటి నింపుకుంటూ హెసరఘట్టకు పోయే నది అది. బెంగుళూరు నగరం కొళాయి నీళ్ళు మొదట తాగింది ఆ నీరే, పందొమ్మిదో శతాబ్దం చివర్లో. ఇవాళ దొడ్డతుమకూరు చెరువు కోసం ఆ చుట్టుపక్కల పల్లెల వాళ్ళు చేసిన ఆందోళనల గురించి మీరు పత్రికల్లో చదివే ఉంటారు. ఫ్యాక్టరీలను తిట్టడం సులభం, నేనూ తిట్టినవాణ్ణే. కాని మా ఇంట్లో రంగుల బానలు ఉన్న రోజుల్లో, అద్దకం అయ్యాక మిగిలిన నీళ్ళను మేం చీకటి పడ్డాకే కాలువలోకి వదిలేవాళ్ళం. పగలు వదిలితే కాలువ ఎర్రగానో నీలంగానో కనిపిస్తుంది, ఎదురింటివాళ్ళు అడుగుతారు. రాత్రి అయితే ఎవరూ చూడరు. పొద్దున పడవలో మనవడితో నేనన్న మాటా అదే. ఈ సంగతి నేను ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకే చెబుతున్నాను.

మూడు గంటలకు పాటు మొదలైంది, నీరు కదిలింది, చేపలు లేచాయి. మా అబ్బాయికి ఇరవై నాలుగు అంగుళాల రెడ్‌ఫిష్ పడింది. కెప్టెన్ కొలబద్దను నా చేతికిచ్చాడు. నేనే నోరు మూసి, తోక నొక్కి, రెండుసార్లు చూసి, ఉంచుకోవచ్చన్నాను. రేవుకు చేరాక దాన్ని అక్కడి బల్ల మీద శుభ్రం చేసి ఇచ్చాడు. ముళ్ళూ తలా పారెయ్యబోతుంటే తల కావాలని తీసుకున్నాం. పులుసుకు తల లేకపోతే ఎలా? గూడకొంగలు మాత్రం మిగతాదాని కోసం వరసగా నిలబడ్డాయి.

మీరు వెళ్ళేటప్పుడు పొడుగు చేతుల చొక్కా, మెడ కప్పే టోపీ మరచిపోవద్దు. నీటి మీది ఎండ కిందినుంచి కూడా కొడుతుంది, నా గడ్డం కింద తోలు ఊడింది. నీళ్ళలో దిగితే అడుగు ఎత్తి వేయకుండా ఈడుస్తూ నడవండి, ఇసుకలో ముల్లుతోక టేకి చేపలు పడుకుని ఉంటాయి. అరటిపళ్ళ సంగతి మీకు చెప్పే ఉన్నాను.

తిరిగి వచ్చిన వారానికి మనవడు ఫోన్ చేశాడు. "తాతా, మీ ఊరి చెరువులో చేపలున్నాయా?" అన్నాడు. ఉన్నాయన్నాను. "ఎంత పొడుగు?" అన్నాడు. చూసి చెబుతానన్నాను. మర్నాడు పొద్దున టేపు జేబులో పెట్టుకుని నాగరకెరె గట్టు వైపు నడిచాను.