ఇంటికి చిన్న సొగసు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



గోడలు లేపి కప్పు వేయుట ఒక పని. దానిని మనుష్యులు మసలెడు ఇల్లుగా నిలుపుట వేరొక పని. మొదటి దానికి తాపీవాడును, వడ్రంగియు కావలయును. రెండవ దానికి గుప్పెడు ముగ్గుపిండి, చిటికెడు పసుపు, రెండు మామిడి రెమ్మలు, అన్నిటికంటె మిన్నగా ఓపికగల చేయి కావలయును. ఇవి లేకున్నను పొయ్యిమీద అన్నము ఉడుకును, రాత్రి నిద్ర పట్టును. ఐనను తెలుగు పల్లెలలో మిక్కిలి పేదదైన పూరింటి ముందు సైతము తెల్లవారునప్పటికి నాలుగు తెల్లని గీతలు కనుపించుట వాడుక. కడుపు నింపని ఈ పనిని ఇందరు స్త్రీలు ఇంతకాలము ఏల విడువకుండిరి? నేటి ప్రసంగమునకు ఈ ప్రశ్నయే విషయము.

ముందుగా ముగ్గును చూడవలెను. వాకిలి ఊడ్చి పేడనీళ్ళతో కళ్ళాపి చల్లుదురు. దానివలన దుమ్ము అణగును. తడిసి ముదురు రంగునకు తిరిగిన నేల తెల్లని గీతను స్పష్టముగా చూపును. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమనుండి జారెడు పిండి ఒకే లావున పడవలెను. చేయి నిలిచినచో గీత ఉబ్బును, తొందరపడినచో తెగిపోవును. బియ్యపు పిండితో వేసిన ముగ్గు చీమలకును పిచ్చుకలకును ఆహారమగును. ముగ్గురాతి పొడితో వేసినది మరికొంత సేపు నిలుచును.

చుక్కల ముగ్గులో గణితము కూడ కలదు. నడిమి వరుసలో 7 చుక్కలు పెట్టి, పైకిని క్రిందికిని 5, 3, 1 చొప్పున తగ్గించుకొని వచ్చినచో మొత్తము 25 చుక్కలగును. కుడివైపు తిరిగిన వంపు ఎడమవైపునను అట్లే తిరుగవలెను; ఒక్క చుక్క తప్పినను మెలిక కలియదు. బడి గడప త్రొక్కని అవ్వలు ఈ లెక్కను వ్రేళ్ళలో దాచుకొని మనుమరాండ్రకు అప్పగించినారు. కనుమనాడు వేసెడు రథము ముగ్గులో మరియొక విశేషము కలదు. రథమునకు గీసిన త్రాడును వీథిలోనికి సాగదీసి, ప్రక్కయింటి ముగ్గుతో కలుపుట పలుచోట్ల ఆచారము. ఇంటి సొగసు గడపతో ఆగిపోక ఇరుగుపొరుగులను కూడ తనతో చేర్చుకొనుట ఇందు కనుపించును.

ఇంటిలోపలి సొగసులును ఇట్టివే. మట్టిగోడను అలికి, అడుగున జాజుతో పట్టె తీర్చి, దానిమీద సున్నపు చుక్కలు పెట్టుట. గడపకు పసుపు పూసి బొట్లు పెట్టుట. గూటిలో దీపపు కుందె ప్రక్కన ఒక బొమ్మ నుంచుట. నడవ వాకిలికి పూసల తెర వ్రేలాడదీయుట. చిరిగిన చీరలను పొరలు పొరలుగా పరచి కుట్టిన బొంతను చూడుడు. చలికి కప్పుకొనుటకు మాత్రమే ఐనచో ఎట్లు కుట్టినను చాలును. కాని కుట్టెడు తల్లి ఎఱ్ఱ అంచును ఒక వైపునకును, పచ్చ అంచును ఒక వైపునకును తెచ్చి, నడుమ ఒక పువ్వు కుట్టును. ఆ పువ్వు వెచ్చదనమును పెంచదు. కాని దానిని కప్పుకొన్న బిడ్డకు తనకై ఎవరో ఒకరు అదనముగా ఒక గడియ కూర్చుండిరని తెలియును. అవసరమునకు మించిన ఆ ఒక్క గడియయే ఇంటికి ప్రాణము.

ఇచ్చట అలంకారమునకును ఆడంబరమునకును గల భేదమును గుర్తింపవలెను. అలంకారము ఇంటిలో నుండువారి కొఱకు. ఆడంబరము చూడవచ్చువారి కొఱకు. మొదటిది ఉన్నదానితో చేయబడును. రెండవది అప్పుతో కొనబడును. పొరుగింటి బీరువాను చూచి తమ యింటికిని అట్టిదే కావలయునని వడ్డీకి డబ్బు తెచ్చిన ఇంటిలో సొగసు పెరుగదు, దిగులు పెరుగును.

ఐనను కొనదగిన సొగసులు లేకపోలేదు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున నున్న ఏటికొప్పాకలో అంకుడు కఱ్ఱను తరిమెన పట్టి కుంకుమ భరిణెలు, బొమ్మలు చేయుదురు. తిరుగుచున్న కఱ్ఱకు రంగు లక్కను అదిమి పట్టగా, ఆ రాపిడి వేడికే లక్క కరగి అంటుకొనును. విత్తనములు, బెరళ్ళు, వేళ్ళు, ఆకుల నుండి తీసిన రంగులను మరల వాడుకలోనికి తెచ్చుటకు కృషి చేసిన శ్రీ సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ లభించినది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కలిగినది. కొండపల్లిలో తేలికయైన తెల్లపొణికి కఱ్ఱను చెక్కి, ఱంపపు పొట్టును చింతగింజల జిగురుతో కలిపిన ముద్దతో అవయవములను అతికి, పిమ్మట రంగులు వేయుదురు. సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు తీర్చు ఇంటివారు ఏటేట ఒక్క బొమ్మను కొన్నను, ఒక పనివాని తరిమెన ఆగక తిరుగును.

సొగసు వెనుకనున్న చేతిని మరచినచో ఏమగునో నరసాపురము లేసు తెలుపుచున్నది. గోదావరి డెల్టా పల్లెలలో స్త్రీలు అరుగులమీద కూర్చుండి, కొక్కెపు సూదితో దారమును పూలుగా, వలయములుగా అల్లుదురు. ఆ అల్లికలు దూరదేశములలో బల్లలమీదను కిటికీలకును అందమును చేకూర్చినవి. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రజ్ఞురాలు మరియా మీస్ ఈ స్త్రీలను గూర్చి వ్రాసిన గ్రంథము 1982లో వెలువడినది. వీరిని పనివారుగ గాక గృహిణులుగ లెక్కించి, వారి అల్లికను తీరికవేళల పనిగా ఎంచుటచేతనే కూలి అంత తక్కువగా నుండెనని ఆమె నిరూపించినది. ఈ లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. పేరు వచ్చిన సరకునకు తగినట్లు, అల్లిన చేతికిని వెల రావలసియున్నది.

నరసాపురమునకు చెల్లిన న్యాయమే ప్రతి యింటికిని చెల్లును. ఇల్లాలు తెల్లవారకముందే లేచి వేసిన ముగ్గును అందఱును దాటిపోవుదురు. దానికై ఆమె కోలుపోయిన నిద్రను ఎవరును లెక్కింపరు. నేడు వాకిళ్ళు సిమెంటుతో కప్పబడుచున్నవి. రంగుతో ఒకమారు వేసి ఏడాది పొడుగునను ఉంచుకొనెడు ముగ్గులు, అంటించెడు ముగ్గులు వచ్చినవి. వీనిని చూచి పరిహసించుట తగదు. ఉదయమే కూలికో కొలువునకో పోవలసిన స్త్రీకి అవి కొంత ఊరట. వాకిట ముగ్గు లేదని ఆమెను నిందించువారు ముందు చీపురు చేతబట్టి కళ్ళాపి చల్లి యిచ్చుట మేలు. తోరణము కట్టుట, గోడకు సున్నము వేయుట, కుండీలోని తులసికి నీరు పోయుట మగపిల్లలకు రాని విద్యలు కావు. పదిమంది చేతులు తగిలిన సొగసు ఎవరికిని భారము కాదు. ఒక్కరి నడుము విరిచి తెచ్చిన సొగసు ఎంత చక్కనిదైనను ఇంటికి శోభ కానేరదు.

ఈ విషయమున గ్రంథాలయము చేయదగిన పని యొకటి కలదు. ఊరిలోని పెద్దమ్మలకు వచ్చిన ముగ్గులను, బొంత కుట్లను, జాజు పట్టెలను ఒక పెద్ద పుస్తకములో గీయించి, ఇష్టపడినవారి పేర్లను వాని క్రింద వ్రాయించి, అలమరలో భద్రపరచవలెను. నేలమీది గీత సాయంత్రమునకే చెరిగిపోవును; చేతిలోని విద్య ఆ చేతితోనే పోవును. పుస్తకములో చేరినది తరువాతివారికి అందును. అట్టి పుస్తకమును పాఠకుల పిల్లలు, ఆడపిల్లలతోపాటు మగపిల్లలును, సెలవు దినములలో సులభముగా ఆరంభింపగలరు. ఈ గ్రంథాలయమునకు 25 సంవత్సరములు నిండిన శుభవేళ, ఆ పుస్తకపు మొదటి పుటలో 25 చుక్కల ముగ్గు నిలుచుట ఎంతయు సముచితము.