ద్రవముల భారము – చిక్కదనము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



తెలుగున ‘చిక్కన’ అను మాట పెక్కు భావములను మోయుచున్నది. చిక్కని పాలు, చిక్కని గంజి, చిక్కని పాకము అని జనులు వాడుదురు. దానినిబట్టి చిక్కనిదెల్ల బరువైనదనియు, పలుచనిదెల్ల తేలికైనదనియు పలువురు తలంతురు. ప్రకృతిశాస్త్రము ఈ రెండు గుణములను విడదీసినది. నియతమైన పరిమాణములో ఎంత పదార్థము ఇమిడియున్నదో తెలుపునది సాంద్రత. ద్రవము పారునపుడు అందలి ఒక పొర ప్రక్కపొరను ఎంతగా నిలువరించునో తెలుపునది స్నిగ్ధత. ఈ భేదము పండితచర్చకు మాత్రమే పరిమితమైనది కాదు. గృహస్థు నూనె కొనుచోటను, రైతు పాలు పోయుచోటను లాభనష్టములు దీనిపై ఆధారపడియున్నవి.

మొదట సాంద్రతను పరిశీలింతము. లీటరు నీరు ఇంచుమించు ఒక కిలోగ్రాము తూగును. లీటరు తేనె సుమారు 1.4 కిలోలును, లీటరు పాదరసము సుమారు 13.6 కిలోలును తూగును. నూనెలు నీటికంటె తేలికయైనవి. కనుకనే నీటిపై తేలును. కాబట్టి లీటరు నూనెయు, కిలో నూనెయు ఒకటి కావు. అంతియేకాదు, వేడిమి పెరిగినకొలది నూనె వ్యాకోచించును. అదే లీటరులో ఇముడు నూనె తగ్గిపోవును. సోయాబీను నూనె లీటరునకు 21 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 919 గ్రాములు తూగగా, 60 డిగ్రీల వద్ద 892.6 గ్రాములే తూగును. కొందఱు తయారుదారులు ప్యాకెట్లపై 60 డిగ్రీల వఱకు వేడిమిని సూచించి లీటరు లెక్క ముద్రించుచుండిరి. అట్లు చేసిన ప్రతి లీటరునకును ఇరువది గ్రాములకు పైగా నూనె కొనువానికి తగ్గును. అందువలన 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ, వేడిమి ప్రస్తావన లేకుండ పరిమాణమును ప్రకటించి, దానికి సరిపడు బరువు ప్యాకెట్టులో ఉండునట్లు చూడవలెనని తయారుదారులకు తెలియజేసినది. నూనె కొనువారు లీటరు సంఖ్యతోపాటు గ్రాముల సంఖ్యనుగూడ చదువుట మేలు.

పాల విషయము ఇంతకంటె సూక్ష్మమైనది. పాలు నీటికంటె నూటికి సుమారు మూడు పాళ్లు ఎక్కువ సాంద్రత గలవి. లాక్టోమీటరు అను గాజుగొట్టమును పాలలో విడిచిన, సాంద్రత ఎక్కువైనచో పైకి తేలును. నీరు కలిసినచో లోనికి దిగును. ఇంతవఱకు న్యాయముగనే యున్నది. కాని పాలలోని వెన్న నీటికంటె తేలికయైనది. వెన్న తీసివేసిన, మిగిలిన పాలసాంద్రత పెరుగును. ఆ పాలలో కొంత నీరు కలిపిన సాంద్రత మరల పూర్వస్థితికి దిగును. అప్పుడు వెన్నయు పోయి, నీరును చేరి, గొట్టము మాత్రము మంచిపాలలో నిలిచినచోటనే నిలుచును! ఇక నిజాయితీపరుడైన రైతు అప్పుడే పితికిన వెచ్చని పాలు తెచ్చిన, వేడిమివలన గొట్టము కొంత లోతుగా దిగి, అతడు నీరు కలిపెనన్న నిందకు గుఱియగును. దొంగకు మెప్పును, దొరకు నిందయు తెచ్చుట ఆ గొట్టము తప్పు కాదు. ఒక్క కొలతతోనే తీర్పు చెప్పినవారి తప్పు. ఇందుచేతనే పాలకేంద్రములలో వేడిమిని గమనించి సవరణ చేయుటయు, వెన్నశాతమును వేఱుగా పరీక్షించుటయు, పిదప రెంటిని కలిపి వెల కట్టుటయు అవసరమైనవి.

ఇక స్నిగ్ధత. పాదరసమును, ఆముదమును ప్రక్కప్రక్కన ఉంచి చూచిన భేదము స్పష్టమగును. ఆముదము నీటికంటె తేలిక. అయినను దాని స్నిగ్ధత నీటికంటె కొన్ని వందల రెట్లు ఎక్కువ. పాదరసము నీటికంటె పదుమూడు రెట్లకు పైగా బరువైనను, దాని స్నిగ్ధత నీటికంటె సుమారు ఒకటిన్నర రెట్లు మాత్రమే. బరువునకును జిగటకును పొత్తు లేదనుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కఱలేదు.

ద్రవముల పొరల నడుమ కలుగు ఈ నిరోధమును న్యూటను 1687లో వెలువడిన తన ప్రిన్సిపియా గ్రంథమున ప్రస్తావించెను. రక్తప్రసరణమును తెలిసికొనగోరిన ఫ్రెంచి వైద్యుడు పాయిజయి 1840 ప్రాంతమున సన్నని గాజుగొట్టములలో ద్రవములను పారించి పరీక్షలు చేసెను. గొట్టపు వెడల్పు సగమైనచో, తక్కిన పరిస్థితులు మాఱకున్న, పారు ద్రవము సగము కాదు, పదునాఱవ వంతునకు పడిపోవునని తేలినది. సన్నని నాళములు కొంచెము ఇరుకైనను ప్రవాహము ఎంతగా తగ్గునో ఇందువలన ఊహింపవచ్చును.

ద్రవముల స్నిగ్ధత వేడిమికి తగ్గును, చలికి పెరుగును. పొయ్యిమీద జాఱుచున్న బెల్లపుపాకము చల్లారిన గరిటెను వదలకుండుట గృహిణులు ఎఱిగినదే. ఈ గుణము ఎంతవఱకు పోగలదో ఆస్ట్రేలియాలోని క్వీన్సులాండు విశ్వవిద్యాలయమున 1927లో పార్నెలు ఆరంభించిన పరీక్ష చూపుచున్నది. సుత్తితో కొట్టిన పగులు, తారువంటి నల్లని పదార్థమును గరాటులో పోసి, మూడేండ్లు కుదురుకొననిచ్చి, 1930లో గరాటు కాడను కోసిరి. 2014 నాటికి రాలినవి తొమ్మిది చుక్కలే! చూపునకు రాయి, కాలమునకు ప్రవాహి.

కనుక ఒక ద్రవమును గూర్చి తీర్పు చెప్పుటకు ముందు కొలిచినది బరువా, పరిమాణమా, జిగటా అనియు, ఎంత వేడిమియందు కొలిచిరనియు అడుగవలెను. ఈ ప్రశ్న అడుగనేర్చిన గ్రామమున త్రాసు న్యాయము పలుకును; నిర్దోషియైన రైతునకు నింద తప్పును. అట్టి ప్రశ్నలను నేర్పు గ్రంథములు ఈ గ్రంథాలయమున దినదినాభివృద్ధి చెందుగాక.

స్వస్తి.