గుట్టను జరుపుడు కాదు, చెత్తను ఆపుడు కావాలె

(డంపింగ్ యార్డులు - ప్రజల అభిప్రాయం అనే అంశంపై చేసిన ప్రసంగ పాఠం)



జవహర్‌నగర్ డంపింగ్ యార్డు ముచ్చట వచ్చినప్పుడల్లా ఒక మాట వినిపిస్తది. "అక్కడి జనం దేనికీ ఒప్పుకోరు, మంచి చేస్తమన్నా అడ్డం పడ్తరు" అని. ఈ మాట అనేటోళ్లు ఎక్కువగా ఆ వాసన పీల్చనోళ్లే.

జనం ఎందుకు నమ్ముతలేరో చూద్దాం. నగరానికి ఈశాన్యాన 300 ఎకరాలకు పైగా జాగల ఏండ్ల తరబడి చెత్త పోసిండ్రు. తడి, పొడి కలిపి పోసిండ్రు. గాలి ఆడని కుప్పల తడి చెత్త మురిగితే మీథేన్ పుడ్తది, మంటలు లేస్తయి. వాన పడితే నల్లటి మురుగు ఊరి భూమిలకు దిగుతది. మల్కారం చెరువు అట్లనే ఖరాబైంది. దమ్మాయిగూడ, నాగారం వాసులు రోడ్డెక్కింది ఊరికెనే కాదు.

తర్వాత పనులు జరిగినయి, కాదనం. సుమారు 1 కోటి 20 లక్షల టన్నుల పాత చెత్తను పొరలతో కప్పిండ్రు. 2020ల 19.8 మెగావాట్ల కరెంటు ప్లాంటు వచ్చింది. కానీ లారీలు ఆగలే. చెత్త వచ్చుడు ఆగకుంటే, ఎంత కప్పినా అది సంస్కరణ అని పక్కింటోడు ఎట్ల నమ్ముతడు?

ఇంకో సంగతి. ఆ చుట్టుపక్కల అందరిదీ ఒకటే మాట కాదు. యార్డు ఎత్తేయాలనేటోళ్లు ఉన్నరు. చెత్త ఏరుకొని బతికేటోళ్లు ఉన్నరు, వాళ్లకు పని పోతదనే భయం. ఇద్దరినీ కూసోబెట్టి అడిగినోడే లేడు.

ఎత్తేస్తే ఏడికి పోవాలె? 2025 ఫిబ్రవరిల సంగారెడ్డి జిల్లా గుమ్మడిదల మండలం ప్యారానగర్, నల్లవల్లి రైతులు, ఆడబిడ్డలు రోడ్డు మీదికొచ్చిండ్రు. మా ఊర్ల డంపింగ్ యార్డు వద్దన్నరు. జవహర్‌నగర్ గోస చూసినంక ఎవరు రమ్మంటరు? పక్కోని వాకిట్ల పోసి మన వాకిలి ఊడ్చుకున్నమంటే అది శుభ్రం కాదు.

కేరళల విలప్పిల్‌శాల ప్రజలు 2011 డిసెంబర్ల చెత్త ప్లాంటుకు తాళం వేసిండ్రు. అప్పుడు గాని తిరువనంతపురం తడి చెత్తను ఇంట్లనే, వార్డులనే ఎరువు చేసుకునుడు మొదలు పెట్టలే. ఊరోళ్లు అడ్డం పడితేనే నగరానికి బుద్ధి వచ్చింది. ఇంట్లనే చెత్త వేరు చేయాలె, పనికిరాని మిగులు మాత్రమే గుంతలకు పోవాలె అని 2016 కేంద్ర నిబంధనలు సుత చెప్పినయి.

నీళ్లు, నిధులు, నియామకాల కోసం కొట్లాడి 2014 జూన్ 2న రాష్ట్రం తెచ్చుకున్నం. ఒక ప్రాంతం కష్టం ఇంకో ప్రాంతం నెత్తిన పడొద్దన్నదే మన వాదం. అదే న్యాయం నగరానికీ, ఊరికీ మధ్య వద్దా?

అందుకే మనం అడగాల్సినవి ఇవి. ఏ ఊర్ల పెట్టినా ముందుగాల గ్రామసభ మాట వినాలె. బోరు నీళ్ల పరీక్షల ఫలితాలు తెలుగుల రాసి ఊరి బోర్డు మీద పెట్టాలె. చెత్త ఏరేటోళ్లకు గుర్తింపు, పని ఇయ్యాలె. ఏ వార్డు తడి చెత్త ఆ వార్డులనే ఎరువు కావాలె.

విద్యార్థి మిత్రులు హాస్టల్ మెస్సుల నుంచి, ఉద్యోగ సోదరులు ఆఫీసు క్యాంటీన్ల నుంచి ఈ పని మొదలు పెట్టాలె. మన దగ్గర రెండు డబ్బాలు పెట్టకుండ, జవహర్‌నగర్ వాళ్లను ఓపిక పట్టుమని అడిగే హక్కు మనకు లేదు.

జై తెలంగాణ!