వాట్సాప్ కాల్ తెగింది, మామూలు కాల్ ఎందుకు తెగలేదు?

సంక్రాంతికి కంకిపాడు వైపు కోడిపందేల బరి దగ్గర వాట్సాప్ కాల్ ట్రై చేశారా? "హలో... హలో" అంటూనే తెగిపోద్ది. అదే ఫోన్‌లో మామూలు కాల్, అంటే వోల్టే, చాలాసార్లు క్లియర్‌గా వినపడుద్ది. టవర్ ఒకటేగా, మరి తేడా ఎక్కడ?

క్యూలో. వోల్టే మాటకి నెట్‌వర్క్ క్యూసీఐ 1 అనే గుర్తు వేస్తుంది: ఇంత స్పీడు గ్యారంటీ, ఆలస్యం 100 మిల్లీసెకన్ల లోపు. వాట్సాప్ ప్యాకెట్లేమో రీల్స్‌తో పాటు మామూలు క్యూలో.

పాపం రౌటర్ కష్టం చూడండి. 10 జీబీపీఎస్ లింకులో 64 బైట్ల ప్యాకెట్లు వరసగా వస్తే, ఒక్కోదానికి దొరికేది 67 నానోసెకన్లు! అంతలోనే ఎవరు ముందో తేల్చాలి. 1995లో శ్రీధర్, జార్జ్ వర్గీస్ 'డెఫిసిట్ రౌండ్ రాబిన్' అని తేలికైన లెక్క చెప్పారు. మన కాలవ నీళ్ల వంతు లాంటిదే: ప్రతి క్యూకి వంతుకి ఇన్ని బైట్లు. ప్యాకెట్ అందులో పట్టకపోతే ఆ బైట్లు తర్వాతి వంతుకి జమ. క్యూ ఖాళీ అయితే జమ రద్దు.

కానీ వాటా పంచినంత మాత్రాన గ్యారంటీ రాదు. ముందు వరసలోకి అందర్నీ రానిస్తే అదీ జామే కదా! అందుకే చోటు లేకపోతే కొత్త కాల్‌ని నెట్‌వర్క్ మొదట్లోనే ఆపేస్తుంది. 'నెట్‌వర్క్ బిజీ' అని మనం తిట్టుకుంటాం గానీ, నడుస్తున్న కాల్స్‌ని కాపాడేది అదే.

చాలా వైఫై రౌటర్ సెట్టింగ్స్‌లో కూడా 'క్యూఓఎస్' ఉంటుంది. అమ్మ వీడియో కాల్ మాట్లాడే ఫోన్‌ని అందులో పైన పెట్టి చూడండి. అన్ని ఫోన్లనీ మాత్రం పెట్టకండి!