తీసుకునేటప్పుడు చట్టం, ఇచ్చేటప్పుడు దానమా?

(ఆదివాసీ యువతీ యువకుల శిక్షణ తరగతిలో మాట్లాడిన మాటలకు రాత రూపం)



ఈ రోజు నాకిచ్చిన అంశం పన్నులు, చట్టాలు, పేదరికం, దానం. వినగానే ఇదేదో ఆడిటర్ల వ్యవహారం, మనకెందుకు అనిపిస్తుంది. కానీ కాలేజీలో, హాస్టల్‌లో, బస్సులో మీరందరూ ఒక మాట వినే ఉంటారు: "మీకేంటి, అన్నీ ఫ్రీ. పన్నులు కట్టేది మేము, తినేది మీరు." ఈ మాటకు మన దగ్గర జవాబు ఉండాలి. కోపం ఒక్కటే చాలదు, లెక్క కూడా కావాలి.

మీ జేబులో ఉన్న ఫోన్‌తో మొదలుపెడదాం. దాని రీచార్జి మీద 18 శాతం జీఎస్టీ ఉంది. 300 రూపాయలు వేయిస్తే అందులో సుమారు 46 రూపాయలు పన్నే. కూలికి పోయే మన చెల్లెలు వేయించినా అంతే, హైదరాబాదులో కోటీశ్వరుడు వేయించినా అంతే. అతనికి ఆ 46 రూపాయలు లెక్కలోకి రావు. ఆమెకు అది ఒక పూట కూర. సబ్బు మీద 2025 సెప్టెంబరు దాకా 18 శాతం ఉండేది, ఇప్పుడు 5కి తగ్గించారు. సంతకు పోయే ఆటోలో పోసే డీజిల్ మీద కేంద్రం ఎక్సైజు ఉంది, రాష్ట్రం వ్యాట్ ఉంది. అది మన చార్జీలోనే కలిసి ఉంటుంది. ఆదాయపు పన్ను కట్టినవాడికి రసీదు వస్తుంది. మనం కట్టిన పన్నుకు రసీదు రాదు. అంతే తేడా. రసీదు లేదు కాబట్టి కట్టలేదంటారు.

ఇక తునికాకు. 50 ఆకుల కట్ట కట్టడానికి ఎండలో ఎంత తిరగాలో మీకు నేను చెప్పక్కర్లేదు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు ఆ ఆకును 18 శాతం పన్నులో పెట్టారు. ఎనిమిదేళ్ళ తర్వాత 5కి దించారు. ఆ పన్ను కట్టేది వ్యాపారి కదా అంటారు. నిజమే, కట్టేది అతనే. కానీ పన్ను పోను తనకెంత మిగులుతుందో లెక్కేసుకునే అతను రేటు చెబుతాడు. చివరికి ఆ భారం కల్లం దగ్గర నిలబడిన ఆకు కూలీ మీదికే జారుతుంది.

ఇది కొత్త కథ కాదు. 1879 రంప తిరుగుబాటు ఎందుకు వచ్చిందో చూడండి. కొండల్లో మన పెద్దలు ఇంటి అవసరానికి కల్లు గీసుకునేవాళ్ళు. సర్కారు ఆబ్కారీ చట్టం తెచ్చి దాని మీద చేయి వేసింది. పైన మన్సబుదారు చిగురుపన్ను పేరుతో ఇంకా పిండాడు. పన్ను ఒక్కటే కాదు, కోర్టు కూడా తోడైంది. మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు అప్పు పత్రాలు రాయించుకుని, సివిల్ కోర్టులో దావా వేసేవాళ్ళు. సమను ఏమిటో కొండవాళ్ళకు అర్థమయ్యేది కాదు. వాళ్ళు కోర్టుకు రాలేదని ఏకపక్షంగా డిక్రీ ఇచ్చేవాళ్ళు. ఆ కాగితం పట్టుకుని వచ్చి పశువులను, ధాన్యాన్ని జప్తు చేసేవాళ్ళు. అంతా చట్టప్రకారమే!

గోదావరికి అటు ఆదిలాబాద్ అడవుల్లో నిజాం కాలంలోనూ ఇదే. పశువుల మేతకు పన్ను, పుల్లకు పన్ను, పోడు కొడితే కేసు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణం ఇచ్చాకే సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపి సంగతేమిటో అడిగింది.

ఇక్కడ ఒక విషయం పట్టుకోవాలి. మన పెద్దలు పుట్టుకతో పేదలు కారు. పన్ను, అప్పు, డిక్రీ, జప్తు, ఇవి వరుసగా వచ్చి పేదల్ని చేశాయి. అంటే పేదరికాన్ని తయారుచేయడంలో చట్టానికి చేయి ఉంది. అందుకే దాన్ని ఆపింది కూడా చట్టం మార్పే. ఏజెన్సీలో వడ్డీకి, భూమి బదిలీకి అడ్డుకట్ట వేస్తూ 1917లో చట్టం వచ్చింది. తర్వాత 1/59, దాన్ని గట్టి చేస్తూ 1/70 వచ్చాయి. ఎవరో పుణ్యాత్ములు బియ్యం పంచితే మన భూమి నిలవలేదు. ఈ చట్టాలున్న చోట, వాటిని పట్టుకుని కొట్లాడిన చోట నిలిచింది.

ఇప్పుడు దానం దగ్గరికి వద్దాం. దానం చేసేవాళ్ళను తిట్టడానికి నేను రాలేదు. వరదలో అన్నం పెట్టిన చేతిని, డోలీలో మోసుకొచ్చిన గర్భిణికి రక్తం ఇచ్చిన మనిషిని మర్చిపోకూడదు. కానీ దానానికి కూడా ఒక చట్టం ఉందని తెలుసుకోవాలి. పాత పన్ను విధానంలో 30 శాతం పన్ను కట్టే ఒక పెద్దమనిషి గుర్తింపు పొందిన సంస్థకు 10,000 రూపాయల విరాళం ఇచ్చాడనుకోండి. 80జి అని అందరికీ తెలిసిన మినహాయింపు కింద సగం, అంటే 5,000 ఆయన ఆదాయంలోంచి తీసేసి పన్ను లెక్కేస్తారు. ఆయనకు 1,500 రూపాయల పన్ను తగ్గుతుంది. అంటే ఆ విరాళంలో 8,500 ఆయనవి, 1,500 ప్రజల ఖజానావి. ఆ ఖజానాలో మన చెల్లెలి రీచార్జి పన్ను కూడా ఉంది. ఫ్లెక్సీ మీద మాత్రం పెద్దమనిషి ఫొటోనే ఉంటుంది.

కంపెనీల సంగతి చూడండి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ళ సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. దాన్నే సీఎస్ఆర్ అంటున్నాం. ఏ ఊరికి, దేనికి అనేది కంపెనీ బోర్డు తేలుస్తుంది. గ్రామసభను అడగాలని ఆ చట్టంలో లేదు.

దీని పక్కన 1997 సమత తీర్పును పెట్టి చూడండి. అనంతగిరి మండలం బొర్రా దగ్గర గనుల లీజుల మీద నడిచిన కేసు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ఆదివాసేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. అలాంటి నిషేధం లేని చోట తవ్వకాలు జరిగితే నికర లాభంలో కనీసం 20 శాతం శాశ్వత నిధిగా పెట్టి నీళ్ళు, బడి, ఆసుపత్రి, రోడ్లకు ఖర్చు చేయాలని కూడా చెప్పింది. అడవిని మళ్ళీ పెంచే ఖర్చు దీనికి అదనం. 100 కోట్ల లాభం ఉంటే సీఎస్ఆర్ లెక్కన 2 కోట్లు, సమత లెక్కన 20 కోట్లు. రెండు కోట్లకు బ్యానర్ కడుతున్నారు, ఇరవై కోట్ల మాట ఎత్తడం లేదు.

మన చేతిలో ఇప్పుడే ఉన్నది ఇంకొకటి ఉంది: జిల్లా ఖనిజ నిధి. 2015లో గనుల చట్టం సవరించి దీన్ని పెట్టారు. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులైతే రాయల్టీలో 30 శాతం, తర్వాత వేలంలో ఇచ్చినవైతే 10 శాతం, రాయల్టీకి అదనంగా ఈ నిధిలో జమ చేయాలి. ఇది గనుల వల్ల నష్టపోయిన జనం కోసం. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఈ డబ్బుతో చేసే పనులకు గ్రామసభ ఆమోదం ఉండాలని, ఏడాది చివర ఆ పనుల నివేదిక గ్రామసభకు ఇవ్వాలని మార్గదర్శకాల్లో రాసి ఉంది. ఆ డబ్బుతో వేసిన బోరు దగ్గర ఎవరైనా వచ్చి రిబ్బన్ కత్తిరించి "మీకు ఇచ్చాం" అంటే, మనం చేతులు కట్టుకుని నిలబడే పని లేదు. దాని లెక్క చూపించమని అడిగే పని ఉంది.

దానానికీ హక్కుకూ తేడా ఇక్కడే తెలుస్తుంది. దానం ఈ ఏడు వస్తుంది, వచ్చే ఏడు రాకపోతే ఎందుకు రాలేదని అడగలేం. హక్కు రాకపోతే అడగొచ్చు, కాగితం పెట్టొచ్చు, కోర్టుకు పోవచ్చు. దుప్పటి తీసుకుంటే దండం పెట్టాలి. లెక్క అడిగేటప్పుడు తల ఎత్తే మాట్లాడొచ్చు.

మనతో నిలబడే బయటి మిత్రులకు ఒక మాట. దుప్పట్లు తెస్తే తెండి, సంతోషం. వాటితో పాటు ఒక సమాచార హక్కు దరఖాస్తు రాయడానికి సాయం చేయండి. దుప్పటి రెండు చలికాలాలు ఆగుతుంది. నిధి లెక్క బయటికి వస్తే ఊరికి నీళ్ళొస్తాయి.

యువతకు పని చెప్పి ముగిస్తాను. ఊరికి పోయాక మూడు ప్రశ్నలు పట్టుకోండి. మొదటిది, మన పంచాయతీకి వచ్చిన నిధులు ఎలా ఖర్చయ్యాయి? పెసా చట్టం ప్రకారం పంచాయతీ ఆ ఖర్చుకు గ్రామసభ ధ్రువీకరణ తీసుకోవాలి. మన గ్రామసభ ఎప్పుడు ఇచ్చింది, ఎవరు సంతకం పెట్టారు? రెండోది, మన జిల్లాలో ఖనిజ నిధికి ఎంత వచ్చింది, తవ్వకం జరిగే ఊళ్ళలో ఎంత పెట్టారు? మూడోది, మన ఊళ్ళో సీఎస్ఆర్ బోర్డు ఉంటే, ఆ పని ఎంపిక చేసింది ఎవరు, మనల్ని అడిగారా?

అడిగితే చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద రాయండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. వచ్చిన జవాబును దాచుకోకుండా గ్రామసభలో మన భాషలో, కోయలోనో గోండిలోనో కువిలోనో, అందరికీ అర్థమయ్యేలా చదవండి. ముసలమ్మలు కూడా విని ప్రశ్న వేయాలి. వచ్చే తరగతికి వచ్చేటప్పుడు ఆ కాగితాలు తీసుకురండి, కలిసి లెక్క చూద్దాం.